డ్యాష్‌బోర్డు మీద వెనక లైటు వార్నింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు నుంచి అనంతపురం మీదుగా బెంగళూరు పోయే 44వ నెంబరు జాతీయ రహదారి మీద రాత్రంతా లారీలు, బస్సులు నడుస్తూనే ఉంటాయి. కడప–రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు, నంద్యాల–గిద్దలూరు దారిలో నల్లమల ఘాటు అయితే చెప్పనక్కర్లేదు. మలుపు తిరిగి వచ్చే లారీ డ్రైవరుకు ముందు ఒక కారు ఉందని చెప్పేవి ఆ రెండు ఎర్ర లైట్లే. కాబట్టి ఈ వార్నింగ్‌ను తర్వాత చూద్దాంలే అని వదిలేయకండి. చాలా వరకు ఇంటి ముందరే, అరగంటలో తేలిపోయే పని ఇది.

ఆ వార్నింగ్ గుర్తు ఎలా ఉంటుంది?

పసుపు రంగులో బల్బు బొమ్మ, పక్కనో లోపలో ఆశ్చర్యార్థకం. కొన్ని కార్లలో ఏ పక్క లైటు పోయిందో అక్షరాల్లోనే చూపిస్తుంది. దీనికి దగ్గరగా కనిపించి గాబరా పెట్టే గుర్తులు ఇంకో రెండున్నాయి. రెండు దీపాలు వీపులు ఆనించుకున్నట్టు ఆకుపచ్చగా వెలిగితే పార్కింగ్ లైట్లు వేసి ఉన్నాయని అర్థం, అది లోపం కాదు. దీపం ముందు మూడు గీతలు, వాటిని అడ్డంగా కోసే వంకర గీత పసుపు రంగులో ఉంటే వెనక ఫాగ్ లైటు వేసి ఉందని. మంచు లేని రాత్రి దాన్ని వేసి ఉంచితే వెనక వచ్చేవాళ్ల కళ్లు చెదురుతాయి, వెంటనే ఆపండి.

మా కారులో అసలు ఆ గుర్తే లేదు. మరి లైటు పోతే ఎలా తెలుస్తుంది?

తక్కువ ధర కార్లలో చాలావాటికి ఈ సదుపాయం ఉండదు. ఇండికేటరు బల్బు పోతే మాత్రం తెలుస్తుంది: టిక్కు టిక్కుమనే చప్పుడు ఒక్కసారిగా జోరందుకుంటుంది. మామూలుగా నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య వెలగాలి. టెయిల్ లైటు, బ్రేకు లైటు పోతే ఏ సూచనా రాదు. వారానికోసారి మీరే చూసుకోవాలి.

బల్బు పోయిందని కారుకు ఎలా తెలుస్తుంది?

వెలుతురును చూసి కాదు, కరెంటును కొలిచి. ఇది ఒక్కటి అర్థమైతే మిగతా సగం ప్రశ్నలు వాటంతట అవే తీరిపోతాయి.

మామూలు టెయిల్ లైటులో రెండు ఫిలమెంట్ల బల్బు ఉంటుంది. 5 వాట్లది టెయిల్ లైటుకు, 21 వాట్లది బ్రేకుకు. 12 వోల్టుల దగ్గర 5 వాట్ల ఫిలమెంటు 0.4 ఆంపియర్లు, 21 వాట్లది 1.75 ఆంపియర్లు లాగుతాయి. లైట్లను నడిపే కంట్రోల్ యూనిట్‌కు, అంటే మెకానిక్కులు బీసీఎం అని పిలిచే పెట్టెకు, ఈ లెక్క తెలుసు. అంతకంటే బాగా తక్కువ పోతే బల్బు పోయిందని గుర్తు వెలిగిస్తుంది. కొన్ని పాత కార్లలో కుడి ఎడమల కరెంటును పోల్చి చూసే రిలే ఉండేది. వాటిలో ఒక పక్క ఒక కంపెనీ బల్బు, ఇంకో పక్క వేరే కంపెనీది వేసినా గుర్తు వెలుగుతుంది.

కాబట్టి ఆ గుర్తు చెప్పేది బల్బు మాడిందని కాదు, కరెంటు పోవాల్సినంత పోవడం లేదని. బల్బు కావచ్చు, హోల్డరు కావచ్చు, ఎర్తు (కరెంటు కారు బాడీలోకి దిగే దారి) కావచ్చు, తెగిన వైరు కావచ్చు, మీరే వేయించిన ఎల్ఈడీ కావచ్చు.

ఏ లైటు పోయిందో గుర్తు చెప్పడం లేదు. ఎలా పట్టుకోవాలి?

ఎప్పుడు వెలుగుతోందో గమనించండి. లైటు స్విచ్చి తిప్పగానే వస్తే టెయిల్ లైటో, నెంబరు ప్లేటు లైటో, ముందర పార్కింగ్ లైటో. నెంబరు ప్లేటు బల్బును చాలామంది మరిచిపోతారు, వెనక లైట్లన్నీ బాగానే ఉన్నాయే అని తల పట్టుకుంటారు. బ్రేకు తొక్కిన తర్వాతే వస్తే బ్రేకు ఫిలమెంటు. ఇండికేటరు వేసినప్పుడు వస్తే ఇండికేటరు. ఇంజిను స్టార్టు చేయగానే, ఏ లైటూ వేయకముందే వచ్చిందంటే కారు కీ ఆన్‌లోనే చిన్న చిన్న కరెంటు పల్సులు పంపి అన్ని బల్బులనూ పరీక్షించుకుంది. అప్పుడు అన్నీ చూడాలి. గతుకుల్లో వచ్చి, కాసేపటికి పోతుంటే అది బల్బు కాదు, లూజు కాంటాక్టు.

ఇంట్లో ఎవరూ లేరు. బ్రేకు తొక్కుతూ వెనక లైటు చూసేదెలా?

మునిమాపు వేళ కారును గోడకు రెండడుగుల దూరంలో వెనక్కి పెట్టండి. లైట్లు వేసి, బ్రేకు తొక్కి, అద్దంలో గోడ మీద పడే ఎరుపును చూడండి. రెండు పక్కలా ఒకే తీరుగా పడాలి. గోడ లేకుంటే ఫోనులో వీడియో ఆన్ చేసి వెనక రాయికి ఆనించి పెట్టండి. టెయిల్, బ్రేకు, ఎడమ, కుడి, రివర్సు వరుసగా వేసి తర్వాత చూసుకోండి. "వెలుగుతోంది" అన్నంత మాత్రాన సరిపోదు. రెండో పక్క కంటే మసకగా ఉంటే అదీ లోపమే. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు పడిపోతుంది.

బల్బు మార్చడం ఎలా?

కీ తీసేసి, లైట్లు ఆపి, బల్బు చల్లారేదాకా ఆగండి. డిక్కీ తెరిస్తే లైటు అంచున రెండు స్క్రూలు కనిపిస్తాయి. కొన్ని కార్లలో లోపలి కార్పెటు వెనక 8 లేదా 10 ఎంఎం నట్లు ఉంటాయి. అవి విప్పాక లైటును పక్కకు తిప్పకండి, నేరుగా మీ వైపుకు లాగండి. బయటి అంచున ప్లాస్టిక్ పిన్నులు రబ్బరు బొడిపెల్లో బిగిసి ఉంటాయి, పక్కకు వంచితే విరుగుతాయి. స్క్రూడ్రైవరుతో తోయాల్సి వస్తే మొనకు గుడ్డ చుట్టండి, లేకుంటే పెయింటు పోతుంది.

హోల్డరును అపసవ్యంగా కొంచెం తిప్పితే ఊడి వస్తుంది. బల్బును లోపలికి నొక్కి, తిప్పి తీయండి. పాత బల్బును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. ఫిలమెంటు తెగి ఊగుతుంటే విషయం తేలిపోయింది. గాజు లోపల నల్లగా అద్దం పూసినట్టుంటే ఇంకా వెలుగుతున్నా దాని ఆయుష్షు అయిపోవచ్చింది. అనుమానం ఉంటే మల్టీమీటరును ఓమ్‌ల మీద పెట్టి చూడండి. చల్లగా ఉన్న 21 వాట్ల ఫిలమెంటు ఒక ఓమ్‌లోపే చూపిస్తుంది, 5 వాట్లది రెండు మూడు ఓమ్‌లు. అంకె ఏమీ రాకపోతే తెగినట్టే.

మార్చేటప్పుడు రెండు పక్కలా కలిపి మార్చండి. రెండూ ఒకే రోజు పుట్టిన బల్బులు, ఒకటి పోయాక రెండోది కూడా ఎక్కువ కాలం ఉండదు.

అంగడిలో ఏ బల్బు అడగాలి?

పాత బల్బును జేబులో వేసుకుపొండి, అదే అన్నిటికంటే నమ్మకం. అడుగున లోహం మీద నెంబరు కొట్టి ఉంటుంది. టెయిల్, బ్రేకు కలిసినదైతే పి21/5డబ్ల్యు. ఒకే ఫిలమెంటుదైతే పి21డబ్ల్యు. నారింజ రంగు ఇండికేటరుది పివై21డబ్ల్యు. నెంబరు ప్లేటుది చాలా కార్లలో డబ్ల్యు5డబ్ల్యు, గాజు అడుగు నేరుగా గుచ్చుకునే రకం.

పి21/5డబ్ల్యు బల్బుకు పక్కన ఉండే రెండు పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు. తిరగేసి పెట్టకుండా చేసిన ఏర్పాటు అది. బలవంతంగా తోస్తే మాత్రం నాసిరకం హోల్డర్లలో దూరుతుంది. అప్పుడు టెయిల్ లైటు ధగధగా వెలిగి, బ్రేకు లైటు మసకగా వెలుగుతుంది. వెనకవాళ్లకు మీరు ఆగుతున్నారో, సాగుతున్నారో తెలియదు. పేరున్న కంపెనీ బల్బుకూ నాసిరకానికీ తేడా కొద్ది రూపాయలే, అక్కడ మిగిల్చుకోవద్దు.

కొత్త బల్బు వేసినా గుర్తు పోలేదు. ఇప్పుడేం చేయాలి?

ముందు కీ ఆపి, మళ్లీ ఆన్ చేసి, లైట్లు వేసి, రెండుసార్లు బ్రేకు తొక్కండి. కొన్ని కార్లు అప్పుడే కొత్త కరెంటును చదివి గుర్తును తీసేస్తాయి. అప్పటికీ పోకపోతే ఇక బల్బులు మార్చుకుంటూ పోవద్దు, దాని దారిని వెతకండి.

మొదట హోల్డరు. ఎక్కువ లోపాలు ఇక్కడే ఉంటాయి. లోపల స్ప్రింగు మీద నిలిచిన చిన్న కాంటాక్టులు బల్బు అడుగున ఉన్న సీసం బొట్లను నొక్కి పట్టుకోవాలి. ఏళ్ల తరబడి వేడికి స్ప్రింగు మెత్తబడి అణిగిపోతుంది. సీసం బొట్లు కూడా చదునుగా అరుగుతాయి. హోల్డరు ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, కాంటాక్టు చుట్టూ కరిగినట్టున్నా దాన్ని మార్చాల్సిందే. పచ్చటి చిలుము మాత్రమే ఉంటే 400 నెంబరు ఎమరీ పేపరును సన్నగా మడిచి రుద్ది, కాంటాక్ట్ క్లీనరు కొట్టి, ఆరాక డైఎలక్ట్రిక్ గ్రీజు పలచగా రాయండి. గ్రీజు ముద్దలుగా పెడితే దుమ్ము పడుతుంది.

తర్వాత ఎర్తు. లైట్లు వేసి, బ్రేకు తొక్కి పట్టుకుని, మల్టీమీటరు ఒక కొనను హోల్డరులోని ఎర్తు పిన్నుకు, రెండో కొనను బాడీ మీద పెయింటు లేని బోల్టుకు పెట్టండి. 0.1 వోల్టులోపు ఉంటే ఎర్తు బాగుంది. 0.3 దాటితే ఆ వైరు వెంట పోండి. డిక్కీలో కార్పెటు కింద ఒక బోల్టుకు రింగుతో బిగించి ఉంటుంది. దాన్ని విప్పి, రింగునూ కింద లోహాన్నీ మెరిసేదాకా గీకి, బిగించి, పైన కొంచెం గ్రీజు రాయండి. స్టెప్నీ గుంటలో నీళ్లు నిలిచే కార్లలో ఈ బోల్టు తుప్పు పట్టడం మామూలే.

ఎర్తు బాగుంటే ప్లస్ పక్క. హోల్డరు దగ్గర వోల్టేజి బ్యాటరీ దగ్గరున్న దానికంటే అర వోల్టు కంటే ఎక్కువ తగ్గితే కనెక్టర్లోనో, వైర్లోనో లోపం. టెస్ట్ ల్యాంపుతోనూ చూడొచ్చు గానీ, సగం తెగిన వైరు కూడా చిన్న టెస్ట్ ల్యాంపును వెలిగిస్తుంది. కాబట్టి 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు కట్టి దానితో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

బ్రేకు తొక్కితే డ్యాష్‌బోర్డు లైట్లు వెలుగుతున్నాయి. ఇదేం చిత్రం?

బ్రేకు కరెంటు టెయిల్ లైటు వైర్లోకి వెనక్కి దూరుతోంది. ముందు చూడాల్సింది బల్బునే. రెండు కాంటాక్టుల హోల్డరులో ఒకే కాంటాక్టు ఉన్న బల్బు వేస్తే, దాని వెడల్పాటి బొట్టు రెండింటినీ కలిపేస్తుంది. లేదా బల్బు లోపల ఒక ఫిలమెంటు తెగి రెండోదాని మీద పడి ఉంటుంది.

బ్రేకు తొక్కినప్పుడు ఇండికేటరు మసకగా వెలిగినా, ఇండికేటరు వేస్తే టెయిల్ లైటు దానితో పాటు కొట్టుకున్నా అది ఎర్తు లోపం. దిగే దారి మూసుకుపోతే కరెంటు పక్క ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటుంది.

ఎల్ఈడీ బల్బులు వేసినప్పటి నుంచే వస్తోంది. రెసిస్టరు పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

ఎల్ఈడీ లాగే కరెంటు ఫిలమెంటులో కొద్ది వంతే. అందుకే కారు దాన్ని పోయిన బల్బుగా లెక్కేస్తుంది. లైట్లు ఆపినా ఎల్ఈడీ సన్నగా మిణుకుమంటుంటే అదీ పైన చెప్పిన పరీక్ష పల్సుల పనే.

అంగట్లో దొరికే లోడ్ రెసిస్టరు సాధారణంగా 6 ఓమ్‌లు, 50 వాట్లది. 13.5 వోల్టుల దగ్గర అది 2.25 ఆంపియర్లు లాగి, సుమారు 30 వాట్లను వేడిగా వదులుతుంది. ఇండికేటరుకో, బ్రేకుకో అయితే కాసేపే కాబట్టి తట్టుకుంటుంది. అదే రెసిస్టరును టెయిల్ లైటు వైరుకు కట్టేవాళ్లున్నారు, అక్కడే ప్రమాదం. రాత్రంతా వెలిగే లైటు అది. రెండు పక్కలా కలిపి 4.5 ఆంపియర్లు అదనంగా లాగి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను, కార్పెటును కాలుస్తుంది. 5 వాట్ల వైరుకు 27 ఓమ్‌ల దగ్గరిదే సరిపోతుంది. ఏ రెసిస్టరైనా లోహపు బాడీకి బోల్టుతో బిగించాలి, వైర్లకు గానీ ప్లాస్టిక్‌కు గానీ తగలకూడదు. టేపు చుట్టి వేలాడదీయడం అసలు పనికిరాదు.

మా మాట వింటే కంపెనీ ఇచ్చిన ఫిలమెంటు బల్బుకే తిరిగి వెళ్లండి. ఎర్ర లెన్సు వెనక తెల్ల ఎల్ఈడీ పెడితే గులాబీ రంగుకు మారుతుంది, రిఫ్లెక్టరు కూడా దానికి తగ్గట్టు చేసినది కాదు. వార్నింగ్ రాదంటూ కాన్‌బస్ రకం అని అమ్మేవాటిలోనూ లోపల ఉండేది అలాంటి రెసిస్టరే.

ఫ్యూజు పదేపదే పోతోంది. పెద్దది వేయొచ్చా?

వేయొద్దు. రాగి తీగ, సిగరెట్ రేకు మాట అసలే ఎత్తొద్దు. ఫ్యూజు కాపాడేది వైరును. 10 ఆంపియర్ల చోట 20 వేస్తే ఈసారి కాలేది వైరే. రంగులు గుర్తుంచుకోండి: 7.5 గోధుమ, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు.

షార్టు ఎక్కడుందో పట్టుకోవడానికి వెనక బల్బులన్నీ తీసేసి కొత్త ఫ్యూజు వేయండి. నిలబడితే ఒక్కో బల్బే పెట్టుకుంటూ రండి, ఏది పెట్టగానే పోయిందో ఆ హోల్డరులో తప్పుంది. బల్బులు లేకుండానే పోతే వైరింగులో షార్టు. అప్పుడు ఫ్యూజుల డబ్బా ఖాళీ చేయకుండా, ఫ్యూజు స్థానంలో 21 వాట్ల బల్బు కట్టండి. షార్టు ఉన్నంతసేపు అది నిండుగా వెలుగుతుంది. డిక్కీ దగ్గరి వైర్లను ఒక్కో చోట కదుపుతూ పొండి. ఎక్కడ కదిపితే ఆ బల్బు ఆరిపోతుందో అక్కడే ఒరుసుకుంటోంది.

మూడు బ్రేకు లైట్లూ ఒకేసారి పోయాయి. లేదా ఆరడమే లేదు.

మూడు బల్బులు ఒకే రోజు మాడవు. ఫ్యూజు బాగుంటే బ్రేకు పెడలు పైన ఉండే స్విచ్చిని చూడండి. బటన్ స్టార్టు కారు ఒక్కోసారి స్టార్టు కాకపోవడం, క్రూయిజ్ కంట్రోలు పని చేయకపోవడం కూడా దాని లక్షణాలే.

ఆరకుండా వెలుగుతూనే ఉంటే పెడలు కింద మ్యాటు మీద వెతకండి. పెంకుల్లా విరిగిన చిన్న ప్లాస్టిక్ ముక్కలు దొరుకుతాయేమో. స్విచ్చి మొనను నొక్కి పట్టే గుండ్రటి స్టాపరు పాతబడి పొడి అయితే, మొన ఆ రంధ్రంలోంచి బయటికొచ్చి లైట్లు ఆన్‌లోనే ఉండిపోతాయి. భాగం ఖరీదు చాలా తక్కువ. గమనించకపోతే సుమారు 4 ఆంపియర్లు లాగుతూ, 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీని తెల్లారేసరికి ఖాళీ చేస్తుంది.

డిక్కీ తలుపు మూసి తెరిచినప్పుడల్లా గుర్తు వచ్చి పోతోంది.

తలుపుకూ బాడీకీ మధ్య ముడతల రబ్బరు గొట్టం ఉంటుంది, వైర్లు అందులోంచే పోతాయి. వేల సార్లు వంగి, పై తొడుగు బాగున్నట్టే ఉండి, లోపల రాగి తెగుతుంది. లైట్లు వేసి గొట్టాన్ని అటూ ఇటూ వంచితే తేలిపోతుంది. వెనక వైపరు, డీఫాగరు కూడా మొరాయిస్తుంటే ఇక అనుమానమే అక్కర్లేదు. తెగిన చోట అదే మందం వైరు వేసి టంకం పెట్టి, హీట్ ష్రింక్ స్లీవు తొడగాలి. అన్ని అతుకులూ ఒకేచోట కాకుండా ఎడం ఎడంగా, వంగని భాగంలో పడేట్టు చూడండి. చాలా రోజులు నిలిపి ఉంచిన కార్లలో ఎలుకలు కొరికిన వైర్లు కూడా ఉంటాయి, కార్పెటు ఎత్తి చూడండి.

లైటులో నీళ్లు, ఆవిరి చేరుతున్నాయి.

వాన వెలిశాక పలచటి మంచు పట్టి, లైట్లు వేసిన అరగంటలో పోతే అది సహజం. నీటి బొట్లు జారుతుంటే, అడుగున నిలుస్తుంటే లోపలికి దారి ఉంది. మా వైపు ఎండలకు లైటు వెనక స్పాంజి ప్యాకింగు గట్టిపడి పగులుతుంది. ఆ తర్వాత పీడనంతో నీళ్లు కొట్టే వాటర్ సర్వీసులో తడిసి పోతుంది. లైటు విప్పి, హోల్డర్లు తీసి నీడలో ఆరబెట్టండి. ప్యాకింగు మార్చండి. లెన్సు అతుకు విడిస్తే సిలికాన్ సీలెంటు పెట్టండి. గాలి ఆడే చిన్న రంధ్రాన్ని మాత్రం మూయకండి.

తాడిపత్రి, బేతంచెర్ల నాపరాయి పాలిషింగ్ యూనిట్ల దగ్గర, ఎర్రగుంట్ల సిమెంటు దారుల్లో తిరిగే కార్లకు ఇంకో సంగతి: తెల్లటి పొడి లెన్సు మీద పేరుకుని, బల్బు ఎంత బాగున్నా దూరానికి కనిపించదు. పొడి గుడ్డతో రుద్దితే లెన్సు గీతలు పడుతుంది. ముందు నీళ్లు పోసి కడగండి.

బల్బులు నెలకోసారి పోతున్నాయి.

ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజి కొలవండి. 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి. 15 దాటితే ఆల్టర్నేటరు రెగ్యులేటరు పోయింది, ముందు అది చూపించండి. వోల్టేజి సరిగ్గా ఉంటే లూజుగా అదిరే హోల్డరునో, డిక్కీ తలుపును ధడేలుమని వేసే అలవాటునో అనుమానించండి.

మా కారుకు వెనక లైటు మొత్తం ఎల్ఈడీ. బల్బే లేదు.

అప్పుడు కనెక్టరు ఊడదీసి పిన్నులు చూడండి, చిలుము, నీళ్లు లేకపోతే మళ్లీ గట్టిగా బిగించండి. ఎడమ లైటునూ కుడి లైటునూ మార్చి బిగించడం కుదరదు గానీ, కనెక్టర్ల దగ్గర వోల్టేజి పోల్చొచ్చు. కరెంటు సరిగ్గా వస్తూ లైటు వెలగకపోతే లోపలి బోర్డు పోయినట్టు. వారంటీ ఉంటే విప్పకుండా సర్వీస్ సెంటరుకు తీసుకుపొండి, అతుకు తెరిచిన లైటుకు వారంటీ రాదు. చవక స్కానర్లు ఇంజిను కోడ్లే చదువుతాయి, బీసీఎం కోడ్లకు ఆ కంపెనీ స్కానరు కావాలి.

రివర్సు కెమెరా పెట్టించాక మొదలైంది.

వైరు కోసి అతికిన చోటు చూడండి. రివర్సు బల్బు వైరును గుచ్చి పట్టే ప్లాస్టిక్ క్లిప్పు రాగి పోగులను సగం కోసేస్తుంది. దాన్ని తీసి టంకం పెట్టించండి. కెమెరాకు రిలే ద్వారా వేరే కరెంటు ఇస్తే బీసీఎం లెక్క చెడదు.

చట్టం ఏమంటుంది?

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం వెనక ఎర్ర లైటు 155 మీటర్ల దూరం నుంచి, నెంబరు ప్లేటు 15 మీటర్ల దూరం నుంచి కనిపించాలి. పసుపు బోర్డు బండ్లకు ఫిట్‌నెస్ పరీక్షలో లైట్లన్నీ చూస్తారు. టెయిల్ లైటుకు నల్ల ఫిల్ము, పొగ రంగు స్ప్రే వేయించుకుంటే బల్బు ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు.

రాత్రి దారి మధ్యలో వెలిగింది. ప్రయాణం సాగించొచ్చా?

ముందు ఆగి, దిగి చూడండి. పెట్రోలు బంకులోనో, ఢాబా వెలుతురులోనో ఆపండి, రోడ్డు అంచున వద్దు. హోల్డరు ఒకసారి తీసి తిప్పి బిగిస్తే లూజు కాంటాక్టు అప్పటికి పట్టుకోవచ్చు. ఒక పక్క టెయిల్ లైటు మాత్రమే పోయి, బ్రేకు లైట్లు పని చేస్తుంటే నెమ్మదిగా దగ్గరి ఊరిదాకా పోవచ్చు. ఒక పక్కే వెలిగితే వెనకవాళ్లకు మీరు మోటారు సైకిల్ అనిపిస్తారు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు మీ కారు వెడల్పు అంచనా తప్పుతుంది. రెండూ పోతే ఘాటు ఎక్కొద్దు, తెల్లారేదాకా ఆగండి. తప్పనిసరిగా కొద్ది దూరం కదలాల్సి వస్తే వెనక ఫాగ్ లైటు వేయండి, దానికి వేరే ఫిలమెంటు ఉంటుంది కాబట్టి చాలా కార్లలో అది వెలుగుతుంది. కదలలేక హైవే మీదే ఆగిపోతే హజార్డ్ లైట్లు వేసి, త్రికోణం బోర్డును కారుకు 50 మీటర్ల వెనక పెట్టి, అందరినీ కారులోంచి దించి రెయిలింగ్ అవతల నిలబెట్టండి. డిక్కీలో ఎప్పుడూ ఉండాల్సినవి: ఒక పి21/5డబ్ల్యు, ఒక పి21డబ్ల్యు, 10, 15 ఆంపియర్ల ఫ్యూజులు రెండేసి, స్టార్ స్క్రూడ్రైవరు, 10 ఎంఎం స్పానరు, టార్చి.